సోలో, క్వార్టెట్, ఆర్కెస్ట్రా మూడూ కావాలంటే సెకండ్ వయొలిన్ కుర్చీలో కూర్చోండి

ప్రశ్న ఇది: "వెస్టర్న్ క్లాసికల్ వయొలిన్ నేర్చుకుంటున్నాను. కొద్దిమంది కలిసి వాయించే చాంబర్ మ్యూజిక్ అంటే ప్రాణం. సోలోయిస్టు కాలేకపోతే కెరీరే లేదంటున్నారు. మూడు రకాల పనులూ చేస్తే దేనికీ కొరగాకుండా పోతానా?"

అలా ఏమీ పోరు. కాకపోతే మొదలుపెట్టే కుర్చీ సరిగ్గా ఎంచుకోవాలి. అందరి చూపూ ఫస్ట్ వయొలిన్ మీదే ఉంటుంది. నన్నడిగితే, పది రకాల పనులు చేసుకుంటూ బతకాలనుకునే వయొలినిస్టుకి క్వార్టెట్‌లో (రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో) సెకండ్ వయొలిన్‌ను మించిన బడి లేదు. పోటీల జ్యూరీలు ఒప్పుకోకపోవచ్చు, వాళ్ళు వినేది ఆర్కెస్ట్రా ముందు ఒక్కరే సోలో వాయించే కాన్చెర్టోలు కదా.

ఎందుకో ఒక్క స్వరంతో చూపిస్తాను. మోజార్ట్ క్వార్టెట్ కె. 465, డిసొనెన్స్ అని పేరుపడింది, దాని మొదటి రెండు బార్లు తీయండి. చెలో ఒక్కటే సీ స్వరాన్ని మెల్లగా కొడుతూ ఉంటుంది. దాని మీద వయోలా ఏ-ఫ్లాట్‌తో వస్తుంది, ఆ వెంటనే సెకండ్ వయొలిన్ ఈ-ఫ్లాట్‌తో. మూడూ కలిస్తే ఏ-ఫ్లాట్ మేజర్ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు). చెలో సీ ముందే నిలబడిపోయింది కాబట్టి మిగతా ఇద్దరూ దానికే ఒదగాలి. స్వచ్ఛమైన మేజర్ థర్డ్, అంటే ఏ-ఫ్లాట్ నుంచి సీ దాకా దూరం, 386 సెంట్లు, పియానోలో అది 400 (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం నూరు సెంట్లు). అంటే వయోలా తన ఏ-ఫ్లాట్‌ను పియానో స్థానం కంటే 14 సెంట్లు పైకి పట్టుకోవాలి. దాని మీద స్వచ్ఛమైన ఫిఫ్త్ (ఏ-ఫ్లాట్ నుంచి ఈ-ఫ్లాట్ దూరం) 702, పియానోలో 700, కనుక సెకండ్ వయొలిన్ ఈ-ఫ్లాట్ 16 సెంట్లు పైకి లేవాలి. ఇంట్లో ట్యూనర్ ముందు కూర్చుని, సూది నడిమధ్యన నిలబెట్టి సాధన చేసి వచ్చినవాడు ఇక్కడ శ్రుతి దిగిపోయినట్టే వినిపిస్తాడు. "నాది కరెక్టే, ట్యూనర్ చూడండి" అని వాదిస్తాడు కూడా. క్వార్టెట్ రిహార్సల్స్‌లో సగం తగాదాలు ఇక్కడే పుడతాయి.

ఆ రెండు బార్లను పట్టే పద్ధతి ఇలా. వైబ్రాటో (వేలిని ఊపి స్వరాన్ని కదిలించడం) పూర్తిగా ఆపేయండి. ముందు చెలో, వయోలా మాత్రమే, ఒక్కో కమానుకి పది సెకన్ల చొప్పున, రెండు స్వరాల మధ్య అదురు తగ్గేదాకా. అది తేటపడ్డాక సెకండ్ వయొలిన్ చేరాలి, చేరేటప్పుడు వయోలానే వినాలి, సొంత వేలిని కాదు. ఫస్ట్ వయొలిన్ అంతవరకూ నోరు మెదపకూడదు. చివరికి ఏ-నేచురల్‌తో (ఫ్లాట్ కాని మామూలు ఏ) ప్రవేశిస్తుంది. అప్పటికి వయోలా జీకి దిగిపోయి ఉంటుంది కనుక ఆ ఏ-నేచురల్‌ను చెలో సీతోనే సరిచూసుకోవాలి. సోలో అలవాటుతో దాన్ని ఇంకాస్త పైకి తోస్తే వినేవాళ్ళకి మోజార్ట్ వేసిన ముడి వినబడదు, శ్రుతి తప్పిన వయొలిన్ వినబడుతుంది.

మర్నాడు అదే ఈ-ఫ్లాట్‌ని పియానో ట్రియోలో (పియానో, వయొలిన్, చెలో) వాయించాల్సి వచ్చిందనుకోండి. నిన్నటి 16 సెంట్లు వదిలిపెట్టి రావాలి, లేకపోతే పియానోతో కలిసి ఒకే స్వరం పట్టిన ప్రతిచోటా పులుపు తేలుతుంది. ఆ తర్వాతి రోజు ఒంటరిగా బాఖ్. అక్కడ ఈ-ఫ్లాట్ ఒక లీడింగ్ నోట్‌కి (పై స్వరం వైపు లాగే స్వరం) చేరువలో ఉందా, కార్డ్‌లో ఉందా అన్నదాన్ని బట్టి స్థానం మారుతుంది. ఆర్కెస్ట్రాలో పద్నాలుగు మంది ఫస్ట్ వయొలిన్ల మధ్య కూర్చుంటే మీ ఒక్కరి స్వచ్ఛత ఎవరికీ అక్కర్లేదు, పక్క స్టాండ్‌లో వాయించేవాళ్ళతో కలవాలి. నాలుగు ఉద్యోగాలు, ఒకే స్వరానికి నాలుగు చోట్లు. వీటి మధ్య ఆలోచించకుండా మారగలిగే చెవి సెకండ్ వయొలిన్‌లో తయారవుతుంది, ఎందుకంటే ఆ భాగంలో ఎక్కువగా ఉండేవి కార్డ్ మధ్య స్వరాలు. మెలొడీ వాయించేవాడికి కాస్త అటూ ఇటూ అయినా చెల్లిపోతుంది.

శ్రుతి చేసుకోవడంలోనూ ఇదే సంగతి. స్వచ్ఛమైన ఫిఫ్త్‌లతో సీ, జీ, డీ, ఏ, ఈ అని పైకి పేర్చుకుంటూ పోతే చెలో సీకీ వయొలిన్ ఈకీ మధ్య థర్డ్ (ఆక్టేవ్‌లు తీసేశాక) 408 సెంట్లవుతుంది, స్వచ్ఛమైనదానికంటే 22 ఎక్కువ. అందుకే చాలా క్వార్టెట్లు ఫిఫ్త్‌లను రవ్వంత ఇరుకుగా పెట్టుకుంటాయి. ముందు చెలో ఏ (A) స్వరం తీసుకుని మిగతావాళ్ళకి ఇస్తుంది. చెలో, వయోలా సీ తీగలు రెండూ కలిపి సరిచూసుకుని, వాటి మీద వయొలిన్ ఈ (E) స్వరం పెట్టి విని, మరీ ఎత్తుగా ఉంటే కింది తీగల్ని ఒక పిసరు పైకి తెస్తారు. పియానోతో అయితే ఏ (A) స్వరం ఒక్కటే తీసుకుని ఊరుకోకండి, డీ, జీ కూడా పియానోలో నొక్కించుకుని వినండి.

కమాను సంగతి. కాన్చెర్టోలో అరవై మంది వెనకాల ఉంటే వాళ్ళని దాటి హాలు చివరికి వినబడాలి కాబట్టి కమాను బ్రిడ్జికి (తీగల్ని మోసే చెక్క ముక్క) దగ్గరగా, నెమ్మదిగా, బరువుతో నడుస్తుంది. ఆ చేత్తోనే మర్నాడు క్వార్టెట్‌కి వస్తే ప్రతి స్వరం మొదట్లో తలుపు తట్టినట్టు ఒక దెబ్బ వినబడుతుంది. సెకండ్ వయొలిన్ ఎక్కువగా డీ, జీ తీగల మీద ఉంటుంది, పైన ఫస్ట్ వయొలిన్ ఈ (E) తీగ మీద మెరుస్తూ ఉంటుంది. అక్కడ గట్టిగా వాయించడం మందు కాదు. కమాను కాస్త బ్రిడ్జి వైపు జరిపి, వేగం తగ్గించి, హల్లులా స్వరం మొదలును స్పష్టం చేస్తే చాలు. కాలం విషయంలో తప్పు ఇంకా ఎక్కువ. ఆర్కెస్ట్రాలో కండక్టర్ చెయ్యి కిందికి వచ్చాక ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా ధ్వని వస్తుంది, అది అక్కడ మామూలే. ఆ అలవాటును క్వార్టెట్‌కి మోసుకొస్తే ఎప్పుడూ వెనకబడతారు. మెట్రోనోమ్‌ను బీట్ మీద కాకుండా రెండు బీట్ల మధ్యన పడేలా పెట్టుకుని, సెకండ్ వయొలిన్ వరస ఎనిమిదో స్వరాల్ని (ఎయిత్ నోట్లు, అంటే పూర్తి నోట్‌లో ఎనిమిదో వంతు నిడివివి) సాధన చేయండి. టెంపో ఎవరి చేతిలో ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ఫస్ట్ వయొలిన్ తల ఊపుతాడు గానీ బండి నడిపేది ఆ ఎనిమిదో స్వరాలే.

ఈ మాట నమ్మనివాళ్ళకి వయొలినిస్టు అలెగ్జాండర్ ష్నైడర్ జీవితం చాలు. 1908లో విల్నాలో (నేటి విల్నియస్) పుట్టారు. 1932లో బుడాపెస్ట్ క్వార్టెట్‌లో సెకండ్ వయొలిన్‌గా చేరారు, చెలో వాయించేది అన్న మీషా. 1940 నుంచి ఆ క్వార్టెట్ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆస్థాన బృందం, వాయించేవి స్ట్రాడివారీ వాద్యాలు. అంతకంటే భద్రమైన చోటు చాంబర్ సంగీతంలో ఉండదు. 1944లో ఆయన దాన్ని వదిలేశారు. వదిలేసి కాన్చెర్టోల వెంట పడలేదు. హార్ప్సికార్డ్ (పియానో కంటే పాత కీబోర్డు వాద్యం) విద్వాంసుడు రాల్ఫ్ కర్క్‌పాట్రిక్‌తో జంటగా కచేరీలు మొదలుపెట్టారు. చెలిస్టు బెనార్ హైఫెట్జ్, పియానిస్టు ఎరిక్ ఇటోర్ కాన్‌లతో ఒక పియానో ట్రియో పెట్టారు, ముగ్గురి పేర్ల ముక్కలు కలిపి దానికి ఆల్బెనెరి అని పేరు. ఒంటరి బాఖ్ కోసం స్పెయిన్ చెలో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ దగ్గరికి వెళ్ళారు. స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వాన్ని గుర్తించిన దేశాల్లో వాయించనని కసాల్స్ పట్టుపట్టి ఫ్రాన్స్‌లోని ప్రాడ్ అనే చిన్న ఊళ్ళో ఉండిపోతే, ఆయన రాకపోతే మనమే అక్కడికి వెళ్దామని 1950లో బాఖ్ రెండువందలవ వర్ధంతి ఉత్సవం ప్రాడ్‌లోనే జరిగేలా చేసినవాడు ష్నైడర్. తర్వాత సొంత క్వార్టెట్‌తో హైడన్ రికార్డింగులు. ఇన్ని చేశాక 1955లో మళ్ళీ బుడాపెస్ట్ క్వార్టెట్‌కి వచ్చి, అదే సెకండ్ వయొలిన్ కుర్చీలో 1967 దాకా కూర్చున్నారు. 1969లో కుర్రవాళ్ళ కోసం న్యూయార్క్ స్ట్రింగ్ ఆర్కెస్ట్రాను మొదలుపెట్టి కండక్టర్‌గా నడిపారు.

హార్ప్సికార్డ్‌తో జంట అంటే మాటలు కాదు. ఆ వాద్యం ఒక స్వరాన్ని పట్టి పెంచలేదు, మీటిన క్షణం నుంచే ధ్వని తగ్గిపోతూ ఉంటుంది. వయొలిన్ మామూలు సోలో కమానుతో వస్తే దాన్ని ముంచేస్తుంది. పన్నెండేళ్ళు ఇంకొకరి కింద నిలబడి బాస్‌ని వింటూ వాయించిన చెవికి అది కొత్తేమీ కాదు.

అదే క్వార్టెట్‌లో ఇంకొకరున్నారు, బోరిస్ క్రోయ్ట్. వయొలిన్‌లో బాల ప్రతిభావంతుడిగా పేరు తెచ్చుకుని, 1936లో వయోలా వాద్యకారుడిగా ఇందులో చేరారు. ఇది కూడా నేర్చుకోవాల్సిన విద్యే, చేతిలో వయోలా ఉన్న వయొలినిస్టుకి పిలుపులు రెట్టింపవుతాయి. మెడ కాకుండా వయొలిన్ బాడీ పొడవు 35.5 సెంటీమీటర్లు, వయోలా 40 నుంచి 43. తీగలు లావు, కాబట్టి పలకడానికి కాస్త సమయం తీసుకుంటాయి. వయొలిన్ కమాను వేగంతో వాయిస్తే గాలి శబ్దం తప్ప సారం రాదు. వేగం తగ్గించండి, చేతి బరువు పెంచండి, స్వరాన్ని ఒక రవ్వ ముందుగా మొదలుపెట్టండి. ఆల్టో క్లెఫ్ (వయోలా నోట్స్ రాసే పద్ధతి) చదవడానికి ఒక అడ్డదారి ప్రచారంలో ఉంది: వయొలిన్ థర్డ్ పొజిషన్‌లో (చెయ్యి మెడ మీద ఉండే మూడో చోటు) చదువుతున్నట్టు ఊహించుకుని వయోలా మీద ఫస్ట్ పొజిషన్‌లో వేళ్ళు పెట్టడం. వేలూ తీగా సరిగ్గానే పడతాయి. కానీ షిఫ్ట్ (చెయ్యి చోటు మార్చడం) రాగానే, వరసగా షార్ప్‌లూ ఫ్లాట్‌లూ రాగానే బోల్తా కొట్టిస్తుంది. మొదటి రోజు నుంచే స్వరం పేరు పలుకుతూ చదవండి. వయోలా దింపి వయొలిన్ ఎత్తుకున్నాక పావుగంట నెమ్మదిగా స్కేళ్ళు వాయించకుండా వేదిక ఎక్కొద్దు, వేళ్ళ మధ్య ఎడం పెద్దదిగానే ఉండిపోయి ప్రతి స్వరం పైకి పడుతుంది.

ఆర్కెస్ట్రా ఉద్యోగం కావాలంటే ఆడిషన్ వేరే లోకం. మోజార్ట్ 3, 4, 5 కాన్చెర్టోల్లో ఒకదాని ఎక్స్‌పొజిషన్ (మొదటి భాగం), ఆపైన ఆర్కెస్ట్రా రచనల ముక్కలు: స్ట్రాస్ డాన్ హువాన్ మొదటి పేజీ, షూమన్ రెండో సింఫొనీ స్కెర్జో, మోజార్ట్ 39వ సింఫొనీ ఫినాలే దాదాపు ప్రతిచోటా అడుగుతారు. తెర వెనక వాయిస్తే వాళ్ళకి వినబడేది తాళం, శ్రుతి, శబ్దం, అంతే. డాన్ హువాన్‌ను మెరుపులా వాయించి తాళం జారిపోయినవాళ్ళు మొదటి రౌండ్‌లోనే ఇంటికి. రికార్డింగ్ విని నేర్చుకున్నవాళ్ళకి ఇది ఎక్కువ జరుగుతుంది, నూరు మంది హోరులో ఆ భాగం ఎలా వినిపిస్తుందో తెలుసు గానీ ఒక్క వయొలిన్‌లో ఎలా ఉండాలో తెలియదు. కాలేజీల సంగతి చెప్పుకుంటే అదో ఏడుపు. నాలుగేళ్ళూ కాన్చెర్టోలు రుద్దించి, బతుకంతా చేయబోయే బృంద వాద్యానికి వారానికి ఒక గంట పడేస్తారు.

వాద్యం నిర్వహణ చాలామంది పట్టించుకోరు గానీ పని పెరిగేకొద్దీ అక్కడే దెబ్బ తింటారు. రోజూ వాయించేవాళ్ళు ఈ (E) తీగను నెలకో రెండు నెలలకో, మిగతావి మూడు నుంచి ఆరు నెలలకి మార్చాలి. నాలుగూ ఒకేసారి విప్పకండి, ఒత్తిడి పోయి లోపలి సౌండ్ పోస్ట్ (లోపల నిలబెట్టిన చిన్న చెక్క పుల్ల) పడిపోవచ్చు. కచేరీకి మూడు రోజుల ముందే మార్పు పూర్తవ్వాలి, కొత్త తీగ సాగుతూనే ఉంటుంది. కమాను చెక్కతో తీగను కొట్టమనే కొల్ లెన్యో వచ్చే ఆర్కెస్ట్రా పనులకి మంచి కమాను తీసుకెళ్ళొద్దు, చవక కార్బన్ కమాను ఒకటి పెట్టెలో ఉంచుకోండి.

ఇక ఎలా మొదలుపెట్టాలంటే, మీ స్థాయి వయొలినిస్టు ఇంకొకరిని చూసుకుని క్వార్టెట్ కట్టండి, కుర్చీలు మార్చుకుంటామని ముందే మాట అనుకోండి. ఎమర్సన్ క్వార్టెట్‌లో యూజీన్ డ్రకర్, ఫిలిప్ సెట్జర్ దశాబ్దాల పాటు అలాగే ఫస్ట్, సెకండ్ మార్చుకుంటూ వాయించారు. వాయించడానికి హైడన్ ఓపస్ 76లో ఒకటి, డిసొనెన్స్, ఆ తర్వాత బేతోవెన్ ఓపస్ 59 నంబర్ 3. దీని ఫినాలేలో ఫ్యూగ్‌ను (ఒకే రాగాన్ని ఒకరి తర్వాత ఒకరు అందుకునే అల్లిక) వయోలా మొదలుపెడితే రెండోది అందుకునేది సెకండ్ వయొలినే, అక్కడ దాక్కోవడానికి చోటుండదు. పార్ట్ (మీ వాద్యం వరస మాత్రమే ఉండే నోట్స్) కొనేటప్పుడు పేజీ తిప్పే చోట్లు చూసి కొనండి. కొన్ని ముద్రణల్లో సెకండ్ వయొలిన్‌కి ఒక్క బార్ విరామం కూడా ఇవ్వకుండా సరిగ్గా ఫ్యూగ్ నడుమ పేజీ అయిపోతుంది. అలాంటి చోట తర్వాతి పేజీ జిరాక్స్ తీసి పక్కన అతికించుకోవడమే దారి.