వడ్రంగి పిట్ట నాలుక సంగతి నిజమే, తల సంగతి వేరు

వడ్రంగి పిట్ట నాలుక పుర్రె చుట్టూ తిరిగి ఉంటుందట నిజమేనా, చెట్టును అంతలా పొడిస్తే తలకేమీ కాదా, తిరుపతి చుట్టుపక్కల ఎక్కడ చూడొచ్చు అని అడిగారు. నాలుక మాట నిజం. చేత్తో పట్టుకుని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

చిత్తూరు దగ్గర మాకు తోతాపురి మామిడి తోపు ఉంది. మూడేళ్ల కింద ఒక పొద్దున, తోపులో ఇంటి కిటికీ కింద వడ్రంగి పిట్ట ఒకటి చచ్చిపడి ఉంది. అద్దంలో ఆకాశం కనబడి గుద్దుకున్నట్టుంది. పాపం, ఇంకా వెచ్చగానే ఉంది. వీపు బంగారు పసుపు, తల వెనక ఎర్ర కుచ్చు, నుదురు మాత్రం నలుపు మీద తెల్ల చుక్కలు. అంటే ఆడది. మగదానికి ఎరుపు నుదుటి నుంచే మొదలవుతుంది.

ముక్కు తెరిచి నాలుక కొసను మెల్లగా లాగాను. వస్తూనే ఉంది! ముక్కు దాటి ఇంకా బయటికొచ్చింది. కొస వేలికి గరుకుగా తగిలింది. అక్కడ సన్నటి ముళ్లుంటాయి, పైగా జిగురు. చీమలు తప్పించుకోలేవు. ఆ నాలుకను నడిపే సన్నటి ఎముక గొంతు దగ్గర రెండు పాయలై, పుర్రె వెనక నుంచి పైకెక్కి, నెత్తి మీదుగా ముందుకొస్తుంది. అంత పొడుగు నాలుకకు చోటు అలా దొరికింది.

కాళ్లు కూడా చూశాను. వేళ్లు రెండు ముందుకి, రెండు వెనక్కి. తోక ఈకలు చీపురు పుల్లల్లా బిరుసు. మానుకు తోక ఆనించి, ముక్కాలి పీటలా నిలబడి పొడుస్తుంది.

తల లోపల స్పాంజిలాంటి ఎముక దెబ్బను పీల్చుకుంటుందని నేనూ చాన్నాళ్లు మా పిల్లలకు చెప్పాను. అది తప్పని 2022లో వచ్చిన ఒక పరిశోధన చూశాక తెలిసింది. పొడిచేటప్పుడు వేగంగా వీడియో తీసి చూస్తే, తల మొత్తం గట్టి సుత్తిలాగే పనిచేస్తోంది. ఆలోచిస్తే సబబే. సుత్తికి దూది చుట్టి మేకు కొడతామా? మెదడు బాగా చిన్నది, తేలిక కాబట్టి ఆ దెబ్బకు తట్టుకుంటుంది.

చూడాలంటే శ్రీవారిమెట్టు దారి, తలకోన రెండూ మంచివే. పొద్దున్నే వెళ్లండి. ఊళ్లో 'టుక్ టుక్' అని ఆగకుండా వినిపించేది మాత్రం ఇది కాదు, కాపర్‌స్మిత్ బార్బెట్ అనే ఆకుపచ్చ పిట్ట అరుపు. వడ్రంగి పిట్ట గలగలా నవ్వినట్టు అరుస్తుంది. మీకు తోటలుంటే ఎండిన కొమ్మలన్నీ కొట్టేయకండి, అది తొర్ర తొలుచుకునేది ఎక్కువగా వాటిలోనే. మా నాయనను బతిమాలి ఒక మోడు ఉంచాను. అది తొలిచి వదిలేసిన తొర్రలో ఇప్పుడు గోరింకలున్నాయి.

మనిషిని చూస్తే మాను వెనక్కి తిరిగిపోతుంది. వెంటపడొద్దు, ఉన్నచోటే కదలకుండా ఉండండి. కాసేపటికి ఓ పక్క నుంచి ఎర్ర కుచ్చు తొంగి చూస్తుంది.