పంచాయతీ వాళ్ళు రోడ్డు లెక్కలు చూపించట్లేదు, ఏం చేయాలి?

ఊళ్ళో వేసిన సీసీ రోడ్డు ఏడాదికే పెచ్చులు లేస్తోంది, లెక్కలు అడిగితే సెక్రటరీ "నీకెందుకు" అంటున్నాడు అని రాశారు కదా. మాకూ అచ్చం ఇదే జరిగిందండి, కాకపోతే మాది సైడ్ కాలవ.

అసలు "నీకెందుకు" అని ఆయన అనకూడదు. 2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 6(2) చూడండి, కారణం చెప్పాల్సిన పనే లేదు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకి దరఖాస్తు ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు.

నేను మొదటిసారి "కాలవ ఎందుకు నాసిరకంగా కట్టారు" అని రాసిచ్చా, "పనులు నిబంధనల ప్రకారమే జరిగినవి" అని ఒక్క లైను వచ్చింది. ఎందుకు, ఏమిటి అని అడిగితే ఇంతే, ఈ చట్టం కింద దొరికేది రికార్డు, సంజాయిషీ కాదు. అందుకే రెండోసారి కాగితాల పేర్లు పెట్టి అడిగా, ఎస్టిమేట్ కాపీ, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, బిల్లు, గ్రామసభ తీర్మానం. ఎం-బుక్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరుంటది అక్కడికి పో అన్నారు, అలా నోటితో చెప్పి పంపించేస్తే ఊరుకోకండి, వాళ్ళ దగ్గర లేకపోతే 5 రోజుల్లో వాళ్ళే మన దరఖాస్తుని అక్కడికి బదిలీ చేయాలి, అది 6(3).

30 రోజులైనా రాలేదు, పై అధికారికి మొదటి అప్పీలు వేశాక గానీ కదల్లేదు. గడువు దాటింది కాబట్టి జిరాక్సులకి పైసా తీసుకోకూడదు, అదీ చట్టంలోనే ఉంది.

ఎం-బుక్‌లో కాలవ పొడవు 140 మీటర్లు. నేనూ మా బాబాయీ పొద్దున్నే టేపు పట్టుకుని గుడి దగ్గర్నుంచి కొలుచుకుంటూ పోయాం, 112 దగ్గర సిమెంటు అయిపోయింది, ఆ తర్వాత అంతా మట్టి, తుమ్మచెట్లే. బాబాయికి చదువు రాదు. కానీ గ్రామసభలో ఆ కాగితం పైకెత్తి "ఈ 28 మీటర్లు ఏడున్నయో చూపించండి, నేనూ వస్తా" అని లేచి అడిగింది ఆయనే. రెండు నెలలకి మిగతా కాలవ కట్టారు. తిన్న డబ్బు సంగతి ఇంకా తేలలేదు, దాని తాలూకు కాగితాల కోసం వేసిన రెండో అప్పీలు సమాచార కమిషన్‌లో ఉంది.

మీది రోడ్డు కాబట్టి మందం కూడా చూసుకోండి, సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేయొచ్చు, మెటీరియల్ శాంపిల్ కూడా అడగొచ్చు. దరఖాస్తు ఇచ్చి రసీదు మాత్రం కచ్చితంగా తీసుకోండి, ఇవ్వకపోతే అక్కడ వాదన వద్దు, రిజిస్టర్డ్ పోస్టులో పంపేయండి.