చైనుకు మైనం పట్టించాలంటే

చిరంజీవి చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కింద వేసిన సైకిల్ ట్రాక్ మీద నీతో పాటు తొక్కేవాళ్ళు చైనుకు నూనె మానేసి మైనం పట్టిస్తున్నారనీ, నువ్వూ మొదలుపెట్టాలనుకుంటున్నావనీ రాశావు. చెయ్యమ్మా. మీ వైపు అది బాగా పనికొస్తుంది. కొల్లూరు దాకా ఎటు చూసినా కడుతున్న బిల్డింగులే, గాలి నిండా సిమెంటు దుమ్మే. నూనె రాసిన చైను ఆ దుమ్మునంతా పట్టి ఉంచుకుంటుంది. నూనె, ఇసుక కలిసి పిన్నుల సందుల్లో చేరితే సానపట్టినట్టు ఇనుమును తినేస్తాయి. చైను సాగిందని మెకానిక్కులు అంటారు గానీ అది సాగదు, లోపల పిన్నులు అరిగి కీళ్ళు వదులవుతాయి. మైనం చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి దుమ్ము పెద్దగా అంటుకోదు. ప్యాంటుకు నల్ల మరకలూ ఉండవు.

ముందు స్కేలు పెట్టి చైను కొలువు. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం ఉంటుంది. అంటే ఒక పిన్ను నడుమ నుంచి ఇరవై నాలుగు ఖాళీలు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే నీ పదకొండు గేర్ల చైను పని అయిపోయినట్టే. అలాంటిదానికి మైనం దండగ. కొత్తది కొనుక్కుని దాంతోనే మొదలుపెట్టు. చైను ఎలా తిరిగి వచ్చిందో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, అప్పుడు మిస్సింగ్ లింక్, అంటే చైను రెండు కొసల్నీ కలిపే ఊడొచ్చే లింకు, ఊడదియ్యి. చైను వెనక గేరు చిన్న చక్రాల మధ్య నుంచి ఎటు పోతుందో ఆ ఫోటో ఉంటేనే తర్వాత తికమక ఉండదు.

ఇక అసలు పని శుభ్రం చెయ్యడం. అందరూ మైనం గురించే మాట్లాడతారు, ఏ పొడి కలపాలి, ఏ బ్రాండు కొనాలి అని. నన్నడిగితే పనిలో ముప్పాతిక వంతు ఇదే. కొత్త చైనుకు కూడా ఫ్యాక్టరీలో గ్రీజు పట్టించి పంపుతారు. ఆ జిడ్డు లోపల ఉన్నంతకాలం మైనం ఇనుముకు పట్టదు, పైపైన పొరలా కట్టి రెండు రోజుల్లో రాలిపోతుంది. పెయింట్ల షాపులో దొరికే టర్పెంటైన్ ఒక మూత ఉన్న డబ్బాలో పోసి, చైను వేసి బాగా కుదుపు. నల్లగా దిగుతుంది. దాన్ని ఒక సీసాలోకి వంపి కొత్తది పొయ్యి. తేటగా ఉండేదాకా ఇలా మారుస్తూనే ఉండాలి. ఇక్కడ ఓపిక లేకపోతే ఈ పనే పెట్టుకోవద్దు. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి కడిగితే టర్పెంటైన్ తాలూకు జిడ్డు కూడా పోతుంది. మెకానిక్కులు వాడే కిరసనాయిలు వద్దు, తనే ఒక నూనె పొర వదులుతుంది. పెట్రోలు అసలే వద్దు, అపార్ట్‌మెంట్ బాల్కనీలో దానితో ఆటలేమిటి? ఈ కడుగుడంతా గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా. వాడిన టర్పెంటైన్ సింకులో పొయ్యకు. సీసాలో కదలకుండా ఉంచితే మురికి అడుక్కి దిగుతుంది, పైతేట మళ్ళీ మొదటి కడుగుకు వస్తుంది. చైను పూర్తిగా ఆరి, ఆల్కహాల్ వాసన పోయాకే మైనం దగ్గరికి తీసుకురా. ఈలోగా వెనక గేర్ల చక్రాలూ, ముందు పళ్ళచక్రమూ కూడా తుడువు. అక్కడి పాత నూనె మొదటి రౌండులోనే చైనుకెక్కి నీ కష్టమంతా పాడుచేస్తుంది.

మైనం అంటే శుద్ధి చేసిన పారఫిన్. కొవ్వొత్తుల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది, ఒక చైనుకు అరకిలో చాలు. రంగు, సువాసన కలిపిన కొవ్వొత్తులు కరిగించకు. తేనెమైనమూ వద్దు, బంకగా ఉండి దుమ్ము పడుతుంది. టెఫ్లాన్ పొడి కలపమని చెప్పేవాళ్ళు ఉంటారు. ఇంట్లో వేడి చేసే గిన్నెలో అలాంటివి కలపడం నాకిష్టం లేదు, ఉత్త పారఫినే బాగా పనిచేస్తుంది.

గిన్నె నేరుగా మంట మీద పెట్టకు. మైనం బాగా వేడెక్కితే ఆవిరి అంటుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి ఇండక్షన్ స్టవ్ మీద పెట్టి, అందులో మైనం ఉన్న పాత స్టీలు గిన్నె ఉంచు. నీళ్ళు వంద డిగ్రీలు దాటవు కాబట్టి మైనమూ దాటదు. నీటి చుక్క మాత్రం మైనంలో పడకూడదు. పని అయ్యేదాకా అక్కడి నుంచి కదలకు. ఎప్పుడైనా అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టు, నీళ్ళు చల్లావంటే మంట ఎగిసిపడుతుంది. ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడొద్దని మీ అమ్మకు ముందే చెప్పు, లేదంటే నాకే ఫోన్ వస్తుంది.

పాత స్పోకు ఒకటి కొక్కెంలా వంచి, చైను దానికి గుచ్చి కరిగిన మైనంలో దించు. బుడగలు వస్తాయి. అది లోపల ఉన్న గాలి. అప్పుడప్పుడు కదుపుతూ బుడగలు ఆగేదాకా, ఓ పది నిమిషాలు ఉంచు. చైను కూడా మైనమంత వేడెక్కితేనే మైనం పిన్నుల్లోకి దిగుతుంది. తర్వాత స్టవ్ ఆపి, మైనం మీద మీగడ కట్టబోతుండగా చైను తియ్యి. సలసల కాగుతుండగా తీస్తే లోపలికి వెళ్ళిందంతా కారిపోతుంది. వేలాడదీసి చల్లారనివ్వు. బిగుసుకుపోయి కర్రలా ఉంటుంది, కంగారుపడకు. ఒక గుండ్రటి కడ్డీ మీద అటూ ఇటూ లాగితే కీళ్ళు వదులవుతాయి. బిగించేటప్పుడు కంపెనీ పేరు అచ్చు ఉన్న వైపు బయటికి రావాలి. మిస్సింగ్ లింక్ ఒక్కసారికే అని ప్యాకెట్ మీద ఉంటే కొత్తదే వెయ్యి, రూపాయలు మిగుల్చుకోవడానికి అది చోటు కాదు. మొదటి కొన్ని కిలోమీటర్లు గేర్లు కాస్త మొరాయిస్తాయి, తెల్లటి పొట్టు రాలుతుంది.

పొడి రోడ్ల మీద మూడు వందల కిలోమీటర్లకు ఒకసారి మళ్ళీ ముంచు. లెక్క గుర్తులేకపోతే చైను కిచకిచమనడమే గుర్తు. రెండోసారి నుంచి టర్పెంటైన్ అక్కర్లేదు, మరిగిన నీళ్ళు పోస్తే పాత మైనం, మురికి కలిసి పోతాయి. ఆరబెట్టి ముంచడమే. ఆ నీళ్ళు కూడా సింకులో వద్దు, మైనం గొట్టంలో గడ్డకడుతుంది. చల్లారాక పైన తేలినది ఏరిపారెయ్యి.

వాన మాత్రం దీనికి పడదు. మైనం తుప్పును పెద్దగా ఆపలేదు. తడిసి ఇంటికొస్తే అదే రోజు తుడిచి ఆరబెట్టు, వీలైనంత త్వరగా మళ్ళీ ముంచు. రెండు చైన్లు మార్చి మార్చి వాడుకుంటే ఈ హడావుడి తగ్గుతుంది. రోజూ వానలో తొక్కే నెలల్లో నూనెకే మారిపోయినా తప్పులేదు. మైనం మీదే నూనె పొయ్యడం మాత్రం చెయ్యకు, రెండూ చెడతాయి.

మీ నాన్న పాత సైకిలుకు కూడా చేస్తానన్నావు. దాని జోలికి పోకు. చైను నిండా కవరుంది, దుమ్ము అంతగా చేరదు, కుట్టుమిషను నూనె సరిపోతుంది. ఎప్పుడైనా ఊడదియ్యాల్సి వస్తే, దాని లాక్ క్లిప్పు మూసి ఉన్న కొన చైను వెళ్ళే వైపు ఉండేలా తిరిగి పెట్టు.

మీ పెదనాన్న