బురద కడగకముందే ఫోటోలు తీయండి

నెల్లూరులో మీ రెండంతస్తుల ఇంట్లో కింది భాగం బట్టల దుకాణానికి అద్దెకిచ్చామని, వాన నీళ్లు లోపలికి వచ్చాయని, తన సరుకు నష్టాన్ని మీ బీమా నుంచి ఇప్పించమని అద్దెదారు పట్టుబడుతున్నారని రాశారు. ఇంటి అప్పుతో పాటు బ్యాంకు చేయించిన పాలసీ సరిపోతుందా అని అడిగారు.

సరుకుకు రాదండి. మీ పాలసీ మీ కట్టడానికి, అందులో రాయిస్తే మీ సామానుకు వర్తిస్తుంది. ఆయన చీరలకు ఆయనే విడిగా పాలసీ తీసుకుని ఉండాలి. ఈ మాట ఆయనతో నిదానంగా చెప్పండి. నష్టపోయిన మనిషి, కోపంతో అంటారు.

నా అనుభవం చెబుతాను. కోవూరు దగ్గర నాకు రొయ్యల మేత గోదాము ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి తెగింది. మా గోదాములోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక గోడ మీద ఎర్రటి గీత మిగిలింది. దాని కింద బస్తాలన్నీ ఉబ్బి కుట్లు తెగాయి. తడిసిన మేత ఎలా ఉంటుందో చెరువుల వాళ్లకు తెలుసు. రెండో రోజుకే బూజు పట్టి, వీధంతా వాసన. ఇరుగుపొరుగు వెంటనే పారేయమన్నారు. నేనూ మనుషుల్ని పిలిచాను. చీరాలలో ఉండే మా బావగారు ఫోనులో గట్టిగా వద్దన్నారు కాబట్టి ఆగాను.

ఆయన చెప్పినట్టే చేశాను. ముందు బీమా కంపెనీకి ఫోను చేసి క్లెయిము సంఖ్య రాసుకున్నాను. గోడ మీది గీతకు టేపు ఆనించి ఫోటో తీశాను. వరసకు ఎన్ని బస్తాలు, ఎన్ని వరసలు మునిగాయి అని కాగితం మీద రాసి, ప్రతి వరసకు ఒక బస్తా మీది తయారీ తేదీ చీటీ కనిపించేలా ఫోటోలు తీశాను. నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చి గీతకు కింద ఉన్న బస్తాలే లెక్క వేశారు. పైవి ఎండుగానే ఉన్నాయన్నారు. కానీ వాటిలో చేయి పెడితే చెమ్మ తగిలేది. రెండు బస్తాలు ఆయన ముందే విప్పించాను, లోపల గడ్డలు కట్టి ఉంది. ఆ మేత రొయ్యలకు వేయకూడదని తయారీదారు నుంచి ఉత్తరం తెప్పించి ఇచ్చాక పై రెండు వరసలూ నష్టంలో కలిపారు. ఇది ఆయన కఠినత్వం అనుకోను. చూపించనిది రాయలేరు, అంతే.

అయినా దెబ్బ తిన్నాను, అది నా తప్పే. ఆ రోజు సరుకు విలువ 18 లక్షలు. పాలసీలో 12 లక్షలే రాయించాను, ప్రీమియం తగ్గుతుందని. నాది చిన్న వ్యాపారాలకిచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ. అందులో అసలు విలువ కంటే 15 శాతం వరకు తక్కువ రాయించినా పట్టించుకోరు, అది దాటితే రాయించిన వంతు మేరకే నష్టం ఇస్తారు. నాది 33 శాతం తగ్గింది. మిగిలిన సరుకు అమ్ముడుపోయిన డబ్బు పోను నికర నష్టం 5,40,000 అని తేలితే, 18లో 12 వంతు, అంటే 3,60,000 లెక్కకొచ్చింది. మనమే భరించాలని పాలసీలో ముందే రాసి ఉన్న కోత అందులోంచి పోయింది. ఆ ఏడాది నా కూతురి ఫీజు కట్టడానికి నగలు తాకట్టు పెట్టాం.

మీ ఇంటి సంగతికి వస్తే, 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. తుపాను, వరద రెండూ ఇందులోనే ఉంటాయి. తక్కువ విలువ రాయించారని ఇంటి నష్టంలో వంతుల కోత పెట్టరు. కానీ రాయించిన మొత్తం దాటి ఇవ్వరు. బ్యాంకు చేయించేది చాలాసార్లు అప్పు మేరకే ఉంటుంది, కాగితం మన చేతికి రాదు. స్థలం విలువ కలపకండి, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చే రాయించాలి. నష్టం వల్ల ఆగిపోయిన అద్దెకు కూడా పరిమితితో పరిహారం ఉంటుంది, చాలామంది అడగనే అడగరు. అయితే ఇది నివాస గృహాల పాలసీ. కింద దుకాణం ఉందన్న సంగతి దరఖాస్తులో లేకపోతే అక్కడే పేచీ వస్తుంది.

కంపెనీ కాదంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారికి, రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

దుకాణంలో నేల ఇంకా కడగకపోతే ఇప్పుడే కిందికి వెళ్లి గోడకు టేపు ఆనించి ఫోటోలు తీయండి. రేపు బ్యాంకులో పాలసీ నకలు అడగండి. బీమా మొత్తం ఎంత, ఇంటిని దేనికి వాడుతున్నారన్న చోట ఏమని ఉంది, ఈ రెండూ ఇక్కడ రాస్తే మిగతాది చెబుతాను.