మార్చికే బోరు తగ్గిపోయే ఇంటి ముందు ఏం పెంచొచ్చు?

ఇంటి ముందు రెండు సెంట్ల ఖాళీ జాగా ఉంది, మార్చి వచ్చేసరికి బోరు తగ్గిపోతుంది, లాన్ వేస్తే నిలుస్తుందా అని కదా మీరు అడిగింది. నిలవదండీ. సెంటంటే దాదాపు 40 చదరపు మీటర్లు. ఎండాకాలంలో గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇచ్చినా మీ జాగాకు 400 లీటర్లు కావాలి. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ వానంతా గడ్డికే సరి.

మాదీ అనంతపురం శివార్లలోని ఎర్రనేలే. గేటు పక్కన నీడకు కానుగ, వీధి వైపు తంగేడు, గన్నేరు పెట్టి, గోడ మీదికి కాగితం పూలు పాకించాం. బిళ్ళగన్నేరు దానంతటదే మొలిచి పరుచుకుంది. తంగేడు కావాలని నర్సరీలో అడిగితే వింతగా చూస్తారు. ఊరి బయట ఎండిన కాయలు కోసుకొచ్చి, గింజల్ని గరుకు రాయి మీద కొంచెం రుద్ది, రాత్రంతా నానేసి, పెరగాల్సిన చోటే నాటండి. మేకలు తంగేడునూ గన్నేరునూ ముట్టవు. కాంపౌండు లేని జాగాకు అంతకన్నా ఏం కావాలి! కాకపోతే గన్నేరు నిలువెల్లా విషం. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాని బదులు వావిలి పెట్టుకోండి.

ఏ మొక్క అన్నదానికన్నా ఎప్పుడు నాటారన్నదే ముఖ్యం. గృహప్రవేశం అయిందని మాఘమాసంలో నాటేస్తారు చాలామంది, అవి ఎండలకే పోతాయి. జులై, ఆగస్టుల్లో నాటితే సెప్టెంబరు, అక్టోబరు వానలకు వేరు లోపలికి దిగుతుంది. మొదటి ఎండాకాలం ఏ మొక్కకైనా నీళ్ళు తప్పవు. రోజూ చెంబెడు చల్లితే వేర్లు పైపైనే తిరుగుతాయి, వారానికోసారి రెండు బిందెలు నిదానంగా ఇంకేలా పోయండి. నేల వాలుగా ఉంటే పల్లం వైపు అర్ధచంద్రంలా కట్ట వేయండి.

పాదుల్లో నాలుగు వేళ్ళ మందాన శనక్కాయ పొట్టు పరవండి. మిల్లుల దగ్గర దొరుకుతుంది. దానికి చెదలు పడతాయి కాబట్టి మొదలుకూ ఇంటి గోడకూ జానెడు ఎడం ఉంచండి.

ఆర్వో మెషిన్ వదిలే నీళ్ళు పారబోయకండి. వాటిలో ఉప్పు ఎక్కువ, మల్లెకు పనికిరావు; గన్నేరుకూ కాగితం పూలకూ పోయొచ్చు.