విదేశీ సాయం మీద ప్రాజెక్టు రాస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా పాప తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ పొలిటికల్ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా చేరిన దేశాలు బయటి దేశాలకిచ్చే సాయం ఎలా మారిందో ప్రాజెక్టు రాస్తానంటోంది, ఆ తర్వాత పీహెచ్‌డీ అంట. మా బావమరిదేమో గ్రూప్-2 కోచింగ్‌లో చేర్చమంటున్నాడు. ఈ ఏడాది మామిడికి రేటు కూడా లేదు. మనకు సంబంధం లేని ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా సార్?

జవాబు: సబ్జెక్టులో లోపం లేదండీ. అయితే ఉద్యోగమిచ్చేవాళ్లు ప్రాజెక్టు పేరు చూడరు, అది రాస్తూ ఏం నేర్చుకుందో చూస్తారు. అసలు మీ పాప ఏం చదవబోతోందో ముందు చెబుతాను. ఇంట్లో ఎవరికీ అర్థం కాని చదువంటేనే అందరికీ టెన్షన్.

2004 మే 1న పోలండ్, చెక్, హంగరీ లాంటి పది దేశాలు ఒకేసారి యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. 2007లో రొమేనియా, బల్గేరియా, 2013లో క్రొయేషియా వచ్చాయి. వీటిలో చాలా దేశాలు అంతకుముందు యూనియన్ నుంచి సాయం తీసుకున్నవే. నిన్నటిదాకా చదివింపులు రాయించుకున్నవాళ్లు ఇప్పుడు తామే చదివించాల్సి వచ్చిందన్నమాట. 2005లో యూనియన్ ఒక లెక్క పెట్టింది. పాత సభ్యులు 2015 నాటికి జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలి, కొత్తవాళ్లు 2010కి 0.17, 2015కి 0.33 శాతానికి చేరాలి. వ్యవసాయం, వాణిజ్యం విషయాల్లో యూనియన్ నిబంధన తప్పితే కోర్టు దాకా లాగుతారు. సాయం విషయంలో మాత్రం లక్ష్యం తప్పినా అడిగే నాథుడు లేడు. 2015 వచ్చేసరికి కొత్తవాళ్లు దాదాపు అందరూ వెనకబడే ఉన్నారు.

అలాగని ఏమీ మారలేదనడానికి లేదు. సాయానికంటూ చట్టాలు వచ్చాయి, చెక్‌లో 2010లో, పోలండ్‌లో 2011లో. ఆ రెండు దేశాలు, స్లోవేకియా, స్లోవేనియా 2013లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) వారి అభివృద్ధి సాయ కమిటీలో సభ్యులయ్యాయి. డబ్బు సంగతికొస్తే, ఇందులో పెద్ద భాగం యూనియన్ ఉమ్మడి బడ్జెట్ ద్వారానే వెళ్తుంది. సభ్యత్వ వాటాతో పాటే కట్టేది కాబట్టి తప్పించుకునే దారి లేదు. సొంతంగా ఇచ్చేది ఎక్కువగా ఇరుగుపొరుగుకే. పోలండ్ ఉక్రెయిన్, బెలారస్ వైపు చూస్తుంది, స్లోవేనియా, క్రొయేషియా బాల్కన్ దేశాల వైపు. ఆఫ్రికాలోని నిరుపేద దేశాల దాకా చేరేది కొంచెమే. నేనైతే దీన్ని తప్పుపట్టను, మన దేశం ఇచ్చే సాయంలోనూ భూటాన్‌దే పెద్ద వాటా కదా. నా మటుకు నాకు, యూనియన్‌లో చేరడం వల్ల ఈ దేశాల ఆఫీసులు, చట్టాలు మారినంతగా మనసు మారలేదనిపిస్తుంది. మీ పాప దీన్ని ఒప్పుకోకుండా వాదిస్తే ఇంకా సంతోషం.

ఇప్పుడు ఉద్యోగానికి పనికొచ్చే మాట. ఓఈసీడీ సైట్‌లో ఏ దేశం ఎంత సాయమిచ్చిందో లెక్కలన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఎక్సెల్‌లో పోలండ్ వరస తెరవమనండి. 2022 దగ్గర అంకె ఒక్కసారిగా ఎగబాకి ఉంటుంది. పోలండ్‌కు అకస్మాత్తుగా దయ పుట్టిందేమో అనుకుంటాం. నిజానికి శరణార్థుల మీద సొంత గడ్డపై మొదటి పన్నెండు నెలల్లో పెట్టిన ఖర్చును కూడా సాయం కింద చూపించుకోవచ్చని నియమం ఉంది. ఆ ఏడాది ఉక్రెయిన్ నుంచి లక్షల మంది వచ్చారు. అంటే ఆ డబ్బులో చాలావరకు పోలండ్ దాటి వెళ్లనే లేదు. ఒక్క అంకె పట్టుకుని దాని వెనక నియమం దాకా వెళ్లి, రెండు పేజీల్లో తేటగా రాయగలిగే పిల్లకు ఢిల్లీలో అభివృద్ధి చెందుతున్న దేశాల ఆర్థిక విషయాలు చూసే ఆర్‌ఐఎస్ లాంటి పరిశోధన సంస్థల్లో, కన్సల్టెన్సీల్లో, కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక సేవ) విభాగాల్లో పని ఉంటుంది. ఎక్సెల్ తర్వాత లెక్కల విశ్లేషణకు వాడే స్టాటా గానీ ఆర్ గానీ, వీలైతే ఫ్రెంచ్ కూడా నేర్చుకోవాలి. ఎంఏ పట్టా ఒక్కటే అయితే చాలదు, ఆ మాట మొహమాటం లేకుండా చెబుతున్నా.

విదేశీ ఎన్జీవోలో చేరి డాలర్లలో జీతం తీసుకోవచ్చన్న ఆశ ఉంటే మాత్రం ఇప్పుడు పక్కన పెట్టండి. అమెరికా ప్రభుత్వం విదేశీ సాయమిచ్చే సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జులై 1తో మూతపడింది. బ్రిటన్ తన సాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5కు దించి, 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తానంది. ఈ రంగంలో అనుభవమున్నవాళ్లే రోడ్డున పడ్డారు, వాళ్లతో పోటీపడి కొత్తవాళ్లు గెలవడం కష్టం.

ఇంకొక సంగతి. మీ పాప యూనివర్సిటీలోనే ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయన కేంద్రం ఉంది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో ఈస్ట్ తిమోర్ 2025 అక్టోబరులో పదకొండో సభ్యదేశంగా చేరింది. ఆసియాన్‌లో సాయానికి ఉమ్మడి శాతమేమీ లేదు. యూరప్‌తో పోలుస్తూ ఒక అధ్యాయం రాస్తే గైడు, లైబ్రరీ రెండూ క్యాంపస్‌లోనే దొరుకుతాయి. ఊరికే యూరప్ గురించి రాసేవాళ్ల మధ్య ఆమె పని వేరుగా కనిపిస్తుంది కూడా.

ఇక మీ బావమరిది మాట. దాన్నేమీ కొట్టిపారేయను, కానీ చేరిన ఎంఏ మధ్యలో ఆపి కోచింగ్‌కు పంపడం రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఎంఏ అయ్యాక గ్రూప్స్ ఎలాగూ రాయొచ్చు. సివిల్స్‌కు వెళ్తే ఇదే పొలిటికల్ సైన్స్, అంతర్జాతీయ సంబంధాలు ఆప్షనల్‌గా పనికొస్తాయి. విదేశాల్లో చదవాలంటే యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఉంది, ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. అది రాకపోతే తోట తాకట్టు పెట్టి పంపకండి.

పీహెచ్‌డీకీ అదే నియమం. ఫెలోషిప్ లేకుండా చేర్చొద్దు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, మీ మీద భారం పడదు. ఎంఏ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు పెడతారు. వచ్చే ఏడాది రెండుసార్లూ రాయించండి. పీహెచ్‌డీయా, గ్రూప్సా అన్నది ఆ రిజల్టు చేతికొచ్చాక, మీ పాపను కూడా కూర్చోబెట్టుకుని తేల్చుకోవచ్చు.