చేయని శిక్షణకు సంతకం పెట్టాలా?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. మొత్తం పదిహేను మందిమి. ఈమధ్యే నన్ను సూపర్‌వైజర్ని చేశారు. భద్రతా శిక్షణ ఒక్కరోజూ జరగలేదు. జరిగినట్టు రిజిస్టర్ రాసి, ‘శిక్షణ ఇచ్చినవారు’ అన్నచోట నన్ను సంతకం పెట్టమంటున్నారు. ‘ఇరవై మంది లేరు, మనది ఫ్యాక్టరీయే కాదు, ఊరికే ఫార్మాలిటీ’ అంటున్నారు. రేపు ఏదైనా జరిగితే నా మీదకొస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: సంతకం పెట్టకండి. ఫార్మాలిటీయే అయితే యజమానినే పెట్టుకోమనండి.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం, కరెంటుతో నడిచే యూనిట్ ఫ్యాక్టరీ కావడానికి ఇరవై మంది కావాలన్న మాట నిజమే. కానీ పదిమంది ఉన్న ఏ సంస్థకైనా యజమాని బాధ్యతలు వర్తిస్తాయి. ఉద్యోగులందరికీ అవసరమైన సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ అందులోవే. ‘అందరికీ’ అంటే మీకు కూడా. బ్లాక్ ఎత్తే గొలుసు ఎంత బరువు ఆపుతుందో, కట్టర్‌కి నీళ్లు ఆగిపోతే ఏం చేయాలో మీకే ఎవరూ నేర్పనప్పుడు, మీరు ఇంకొకరికి ఏం నేర్పినట్టు?

ఇలాంటి రిజిస్టర్లు నేను చూశాను. పదిహేను సంతకాలూ ఒకే పెన్ను, ఒకే వంపు. తెలుగు అక్షరం రాని ఒడిశా కుర్రాడి పేరుకెదురుగా గుండ్రటి తెలుగు సంతకం! కోర్టులో అది ఎంతసేపు నిలుస్తుంది? రేపు ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద నిర్లక్ష్యపు మరణం కేసు పెట్టవచ్చు, దానికి ఐదేళ్ల దాకా జైలు. కేసు మీ మీదే నిలబడుతుందని చెప్పను గానీ, పోలీసులు ముందు అడిగేది ఆ సంతకం ఎవరిదనే. కోడ్ కింద యజమానికి వేరే శిక్ష ఉంది. అందులో జరిమానా వేస్తే, దానిలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇమ్మని కోర్టు చెప్పవచ్చు.

ఇప్పుడు యాజమాన్యానికి ఒక లేఖ రాయండి: ‘ముందు నాకు శిక్షణ ఇప్పించండి, తర్వాత మావాళ్లకు వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇద్దాం.’ రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ సంగతీ అందులో చేర్చండి, అది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. కాపీ మీద తేదీతో అందినట్టు రాయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. కదలిక లేకపోతే ఈ కోడ్ కింద నియమించిన ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంతకుముందే ఒకటో రెండో సంతకాలు పెట్టేసి ఉంటే మాత్రం, ఆ మాట లేఖలో రాయకండి. ముందు ఒంగోలులో ఒక లాయర్ని స్వయంగా కలవండి.